గడ్డిలో పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే తెనాలి నుంచి భట్టిప్రోలులోని అమ్మమ్మగారింటికి వెళ్లడమే. ఎంతో దూరం లేని ఆ రైలు ప్రయాణానికి నేను నెల ముందు నుంచే సిద్ధమయ్యేదాన్ని. నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడాది మాత్రం నాతోపాటు చిట్టి కూడా సిద్ధమైంది. చిట్టి అంటే మా వీధిలో అనాథగా తిరుగుతుంటే నేను ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్ల. అది ఇంట్లో తిరగడమే అమ్మకు ఇష్టం లేదు, ఇక రైల్లో తీసుకెళ్లడమా! రెండు రోజులు అన్నం ముందు అలిగి కూర్చుని ఒప్పించాను. బండిలో దాని గొంతు వినపడితే నన్నూ దాన్నీ కలిపి దింపేస్తానని అమ్మ షరతు పెట్టింది.

మా ఇళ్లలో పదిలంగా చూసుకోవాల్సింది ఏదైనా ఎండుగడ్డిలోనే పెట్టేవారు. ఆవకాయ జాడీ ఊరు దాటించాలన్నా, కోడిగుడ్లు చేరవేయాలన్నా, మామిడికాయలు మాగవేయాలన్నా గంపలో కింద గడ్డి, పైన గడ్డి. నేనూ చిట్టికి అదే మర్యాద చేశాను. ఒక గంపలో మెత్తగా వరిగడ్డి పరిచి దాన్ని పడుకోబెట్టి, చుట్టూ గడ్డి కూరి, ఎండ పొడ తగలకూడదని పైన గోనెపట్టా కప్పి పురికొసతో బిగించి కట్టాను. ముడి నచ్చక విప్పి మళ్లీ కట్టాను. నా ఈ వైభోగం పూర్తయ్యేసరికి పొద్దుటి బండి కాస్తా వెళ్లిపోయింది. అమ్మ సణుగుతుండగానే మిట్టమధ్యాహ్నపు బండి ఎక్కాం.

గంపను నా కాళ్ల దగ్గర, బల్ల కిందికి నెట్టాను. చిట్టి కాసేపు గింజుకుంది, కుయ్ కుయ్ మంది. అమ్మ నావైపు ఉరిమి చూసింది. నేను గోనె మీద తడుతూ, ఊరుకోమని దాన్ని బతిమాలుకున్నాను. జంపని దాటాక ఒక చిన్న స్టేషన్లో ఎదురుబండి కోసం మా బండి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. పెట్టెలో ఉక్కకు జనం ఉసూరుమంటున్నారు. అంతలో చిట్టి చప్పుడు ఆగిపోయింది. నా మాట విని బుద్ధిగా నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు నేనెంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఎదుటి బల్ల మీద ఒక మామ్మ, మాగుతున్న మామిడికాయల గంపతో రేపల్లె వెళ్తోంది. అంతవరకూ పలకరించని మనిషి ముందుకు వంగింది.

"ఇందాకటి నుంచీ ఏదో కుయ్యిమంటా ఉంది గదమ్మా, ఏంటది? ఇప్పుడు అలికిడి లేదే?"

"కుక్కపిల్లండి. పడుకుంది" అన్నాను గర్వంగా.

ఆమె వెంటనే నా గంపను ముందుకు లాగి, నేను అంత శ్రద్ధగా కట్టిన పురికొసను పళ్లతో తెంపేసింది. లోపల చిట్టి ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది, నోటి నిండా చొంగ, పొట్ట ఎగిరెగిరి పడుతోంది. పిలిస్తే కళ్లు తిప్పలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు.

మామ్మ నీళ్లడిగింది. మా దగ్గరున్నది ఒక్క మరచెంబు, అదే మా ఇద్దరి దాహానికీ. కుక్కను చూస్తే ఆమడ దూరం జరిగే మా అమ్మే ఆ చెంబు మూత తిప్పి, తన పైటచెంగునే తడిపి చిట్టి మీద వేసింది. మామ్మ ఆ తడిగుడ్డను దాని పొట్టకూ, కాళ్ల సందుల్లోనూ, పాదాలకూ అద్దింది. అమ్మ ఆత్రంగా నీళ్లు పట్టబోతే, "నోట్లో పొయ్యమాకమ్మాయ్, పొలమారుద్ది. పెదాలు తడుపు, చాలు" అంది. తన విసనకర్ర నాకిచ్చి విసరమంది. చేతులు పడిపోతున్నా ఆపకుండా విసిరాను. ఎదురుబండి వెళ్లిపోయింది, మా బండి కదిలింది, కిటికీలోంచి కాస్త గాలి వచ్చింది. భట్టిప్రోలు దగ్గరపడుతుండగా చిట్టి మెల్లగా నాలుక కదిపి అమ్మ వేలు నాకింది. అమ్మ వేలు వెనక్కి తీసుకోలేదు.

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఎండ తగలకుండానే పెట్టానని మామ్మతో చెప్పుకున్నాను. ఆమె నన్ను తిట్టలేదు. తన గంప మీది పట్టా ఓరగా తీసి, నా చేతిని మోచేతి దాకా గడ్డిలోకి దోపి, "నూరు దాకా లెక్కపెట్టు, తియ్యమాక" అంది. ముప్పై దాటేసరికి అరచేతికి చెమట పట్టింది. కాయల వేడి, గడ్డి ఉక్క కలిసి చెయ్యంతా చిరచిరలాడింది. యాభైకి లాగేసుకున్నాను.

"కాయలు పండటానికి పెడతాం తల్లీ ఇట్టా. దానికి గాలాడాలి గదా. కుయ్యిమన్నంతసేపూ అది నిన్నే పిలిచింది" అంది మామ్మ, నా తల నిమురుతూ.

కాలే నేల మీద దాన్ని దింపవద్దని కూడా చెప్పి పంపింది. మేము స్టేషన్లోనే ఎండ చల్లబడేదాకా నీడలో కూర్చున్నాం, చిట్టి అమ్మ ఒళ్లో. గంపనూ గడ్డినీ అక్కడే వదిలేసి, దాన్ని చేతుల మీద మోసుకుని ఇంటికి వెళ్లాం. ఆ తరవాత అది మా ఇంట్లో చాలా ఏళ్లు బతికింది, ఎక్కువగా అమ్మ వెనకాలే తిరుగుతూ.

ఇప్పుడు వేసవిలో మా అబ్బాయి మమ్మల్ని కారులో బాపట్ల సముద్రానికి తీసుకెళ్తాడు. వాళ్ల కుక్క వెనక సీట్లో నా పక్కనే. అది అల్లరి చేస్తున్నంతసేపూ నేను హాయిగా కునుకు తీస్తాను. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తుంది. "పడుకుందిలే అమ్మా" అంటాడు మావాడు, అద్దంలో నన్ను చూసి నవ్వుతూ. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అందుకే చెయ్యి చాచి దాని పొట్ట మీద పెట్టి లెక్కపెట్టుకుంటాను. నూరు వచ్చేదాకా తియ్యను.