కుప్పం కారు టాపు విప్పిన పొద్దు

మొన్న మదనపల్లెలో మా అల్లుడు కొత్త కారు తెచ్చి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఏదో బటను నొక్కినాడు. నెత్తిమీద టాపు మెల్లగా వెనక్కి జరిగి ఆకాశం కనిపించింది. "సూడు మామా, టాపుకే కిటికీ! మీ కాలంలో ఉన్నిందా?" అన్నాడు. మా కాలానికి ముందు టాపు మధ్యంతా బొక్కేనప్పా అందామనుకున్నా. కానీ అల్లుడికి పాఠం చెప్పేంత చదువు నాకు లేదు. ఏడో తరగతిలోనే నేనూ లెక్కలూ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయినాం.

నిజంగానే బొక్క. తొలినాళ్లలో టాపంత వెడల్పు రేకును ఒకే ముక్కగా వొత్తే మిషన్లు లేవు. అందుకని అంచుల్లో రేకు వేసి నడుమ ఖాళీ వదిలేవాళ్లు. ఆ ఖాళీకి అడ్డంగా కొయ్య పట్టీలు, వాటిమీద కోళ్లగూటికి కొట్టేలాంటి తీగ వల, దానిమీద గుర్రపు వెంట్రుకల మెత్త, అన్నిటిపైనా మైనపు గుడ్డ లాగిపట్టి చుట్టూ చిన్న మేకులు. మంచానికీ గొడుగుకూ పుట్టిన బిడ్డ అన్నమాట. నాలుగు వానలకు గుడ్డ చీలితే లోపలున్న దొరలకు ఉచితంగా స్నానం. ఇదంతా నాకు చెప్పింది పుంగనూరులో కార్ల సీట్లు కుట్టే చాచా. ఆయన దగ్గర పదేళ్లు సూది పట్టినా.

ఒక ఎండాకాలం కుప్పం దగ్గర ఒక పెద్దింటి నుంచి కబురొచ్చింది. కొట్టంలో తాతల నాటి కారు ఉండాది, కొడుకు పెండ్లి ఊరేగింపుకు దాని గుడ్డ టాపు పీకేసి రేకు అతికించాలని ఇంటాయన కోరిక. మేం పోయేసరికి మిట్టమధ్యాహ్నం. వెనక సీట్లో ఒక ముసలామె నిద్రపోతాంది.

"మా మేనత్త. చిన్నప్పట్నుంచీ ఇందులో తప్ప ఆమెకు కన్ను మూతపడదు," అని ఇంటాయన సిగ్గుపడుతూ చెప్పినాడు.

"టికెట్ లేని ప్యాసింజరన్నమాట," అన్నా. చాచా మోచేత్తో పొడిచినాడు.

ఆమె లేచి, మా చేతుల్లో పట్టకారు చూసి కారు తలుపు గట్టిగా పట్టుకుంది. "రంగెయ్యండి, చక్రాలు మార్చండి. టాపు ముట్టుకోవద్దప్పా. ఆడ ఎవురో ఉండారు. పడుకుంటే నా తల నిమురుతారు. అది పోతే నాకింక నిద్రే లేదు."

నవ్వబోయినా. అంతలో చాచా టాపుమీద అరచెయ్యి పెట్టి నొక్కినాడు. గుడ్డ లోపలికి పోయింది. చెయ్యి తీసినాక మెల్లగా, ఊపిరి పీల్చినట్టు, పైకి లేచింది. చాచా మొహం పాలిపోయింది.

"ఇది గుర్రం ఎంట్రుక కాదు బేటా. మేకులు సూడు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. నన్ను కన్న మా అబ్బా చేతిపని ఇది."

అత్తకు నచ్చజెప్పి కిందికి దించి, ఇంటాయన విప్పమన్నాడు. ఒక్కో మేకూ కీచుమంటా వచ్చింది. గుడ్డ ఎత్తేసరికి, గాలే లేని ఆ కొట్టంలో గుప్పున మరువం వాసన. తీగ వల మీద పరిచిందంతా మనుషుల జుట్టు. నడుమ, అల్లింది అల్లినట్టే ఒక జడ. కొసన ఎర్ర పావడ అంచు పేలిక.

చాచా తన చెవులు పట్టుకున్నాడు. "యుద్ధం రోజుల్లో గుర్రపు ఎంట్రుక దొరక్క, మంగలి దగ్గర తెచ్చి నింపినట్టుండాడు మా అబ్బా. ఎవురి తలో అడిగుండడు. మాఫ్ చెయ్యమ్మా."

ఆమె జడను ముట్టుకోలేదు, చూస్తా నిలబడింది. "మా నాయన పోయిన పదోదినం మా అమ్మకు గుండు చేసినారు. ఆ పొద్దు ఆఖరి జడ నేనే వేసినా, నా పావడ అంచు చించి. యాడ పారేసినారో అని ఊరంతా ఎతికినా." బిడ్డ జుట్టు ముగ్గుబుట్టయిపోయింది. తల్లి జడ ఇంకా నల్లగానే ఉండాది.

"ఇంట్లోకి తెచ్చుకో అత్తా," అన్నాడు ఇంటాయన.

"తెస్తే మళ్లీ ఎవురో అపశకునమని పారేస్తారు. యాడిదాడ పెట్టి మూసెయ్యప్పా."

రేకు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త గుడ్డ లాగి, తన అబ్బా వేసిన బొక్కల్లోనే చాచా మేకులు దించినాడు, రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. లోపల కూర్చుని పట్టీలకు చేతులు ఆనించింది నేను. చివరి మేకు దిగినాక ఎవరో నా తల ఒకసారి మెల్లగా నిమిరినారు. చాచా రెండు చేతులూ అద్దం అవతల కనిపిస్తానే ఉండాయి. పుంగనూరు చేరేదాకా నేను ఒక్క జోకూ వెయ్యలేదు. జొరమొచ్చిందేమో అని చాచా నుదురు పట్టి చూసినాడు.

మొన్న అల్లుడి కారు ఊరు దాటినాక టాపులోంచి గాలి దిగి తల నిమిరింది. నా నెత్తిన ఇప్పుడు దువ్వడానికి ఒక్క వెంట్రుకా లేదు, అయినా కండ్లు మూతలు పడినాయి. కాలం నా నెత్తిమీది పంటంతా కోసుకుపోయింది గానీ, ఎవరి జడను యాడ దాచిందో దానికైనా గుర్తుండాదో లేదో.