దంచుడు కాదు, దించుడు

మొన్న అమీర్‌పేటలో సోఫాలు కుట్టే దుకాణం ముందు ఆగిపోయాను. లోపల ఎవరో కొత్త రెగ్జిన్ చుట్ట విప్పుతున్నారు. కొత్త చెప్పులకీ కాలిన ప్లాస్టిక్‌కీ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. ముక్కుకి తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే ఒంటికి దూరంగా చాచుకుంది, కింద పడబోతూ నేలని చరచడానికి సిద్ధమైనట్టు. పక్కన వెళ్తున్న పెద్దావిడ నేను సంచీ లాక్కోబోతున్నాననుకుని దూరం జరిగింది. "కాదమ్మా, ఇది జూడో" అన్నాను. ఆవిడ ఇంకా దూరం జరిగింది. అంజమ్మ మాస్టర్ ఉండుంటే పొట్ట పట్టుకుని నవ్వేవారు.

అంజమ్మ మాస్టర్‌ని మీరు చూసి ఉండరు. బల్కంపేట మనిషి. సర్కారు బడిలో డ్రిల్లు టీచరుగా రిటైరయ్యాక, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులతో ఊపిరాడని ఒక బిల్డింగు పైన, రేకుల షెడ్డులో రెగ్జిన్ మ్యాట్లు పరిచి జూడో నేర్పేవారు. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. తెల్లబట్టల మీద నల్లబెల్టు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. ఆవిడ ఒకసారి నడుస్తున్న ఆర్టీసీ బస్సుని చెవి పట్టుకుని పక్కన పెట్టారని మా ఆఫీసులో చెప్పాను. బస్సుకి చెవులెక్కడివని ఒక్కరూ అడగలేదు.

అప్పటికి నాకు నలభై అయిదు దాటాయి. తెనాలి నుంచి వచ్చి, పంజాగుట్టలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ, మధురానగర్‌లో ఒక గదిలో ఉండేవాణ్ణి. పెళ్ళెందుకు కాలేదంటే అడిగిన మనిషిని బట్టి కథ చెప్పేవాణ్ణి. ఒకరికి జాతకం, ఒకరికి పులి. ఈ వయసులో జూడో ఏంటంటే షుగరు అనేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే, ఆఫీసు వదిలాక మర్నాడు పొద్దుటిదాకా నాతో మాట్లాడేది మా బిల్డింగు లిఫ్టు ఒక్కటే. అదీ తలుపు వేయమని, ఇంగ్లీషులో.

క్లాసులో అందరూ కలిసే నేర్చుకునేవాళ్ళం. పిల్లలే ఎక్కువ. అప్పుడప్పుడూ పెద్దవాళ్ళు చేరేవారు, ఒళ్ళు నొప్పులు మొదలవగానే మానేసేవారు. మిగిలింది నేను. ముందు చేరినవాళ్ళు అన్న, అక్క. వెనక చేరినవాళ్ళు తమ్ముడు, చెల్లె. వయసుతో పనిలేదు, అది మాస్టర్ పెట్టిన రూలు. ఆ లెక్కన అయిదో తరగతి చదివే హర్షిత నాకు అక్క అయింది.

మొదటిరోజు మాస్టర్ నా ఎదురుగా నిలబడి, తన కాలరు నాచేత పట్టించి, "ఇగ దించు" అన్నారు. నాకు "దంచు" అని వినపడింది. మా వైపూ దించడం ఉంది గానీ, బుట్టల్నీ కావిళ్ళనీ దించుతాం, మనుషుల్ని కాదు. జూడో అంటే ఎలాగూ కొట్టుకోవడమేనన్న నమ్మకంతో వెళ్ళినవాణ్ణి కనక ఆవిడ భుజం మీద పిడికిలితో ఒక్కటిచ్చాను. రేకులు ఎగిరిపోయేలా పిల్లల నవ్వులు.

"అరె భాయ్, వడ్లు దంచుతున్నవా?" అన్నారు మాస్టర్ భుజం రుద్దుకుంటూ. "దంచుడు గాదు, దించుడు. ఆడోళ్ళు నెత్తి మీద బోనం పెట్టుకొని వస్తరు. గుడి కాడ ఎట్ల దించుతరు? ధన్‌మని ఇడిసిపెడ్తరా? లోపట అన్నం ఉంటది, పైన దీపం ఉంటది. మనిషిని సుత గట్లనే దించాలె."

పడగొట్టడం అన్నమాట ఆవిడ నోట నేనెన్నడూ వినలేదు. ఎదుటి మనిషి కాళ్ళు నేలని వదిలాక కూడా అతని చొక్కా చెయ్యి మన గుప్పిట్లో ఉండాలి. తల నేలకి తగలకుండా చివరిదాకా పైకి లాగి పట్టుకోవాలి. ఇంకొక రూలు: పెద్దవాళ్ళు పిల్లల్ని దించకూడదు, పిల్లల కోసం పడాలి. నాలాంటి బరువుని దించడానికి హర్షిత పళ్ళు బిగించేది, నేను ఆమె అడుగుల లెక్క తప్పకుండా పడేవాణ్ణి. క్లాసు అయ్యాక పిల్లలు చుట్టూ కూర్చునేవారు. నా బట్టతల వెంట్రుకల్ని కృష్ణలో మొసలి పీకేసిందని చెబితే, "పోయిన వారం తాబేలన్నావు కదా తమ్ముడూ?" అని హర్షిత పట్టుకునేది. "తాబేలు మొదలుపెట్టింది అక్కా, మొసలి పూర్తిచేసింది" అనేవాణ్ణి. ఆ కాసేపటి సందడిని గదికి మోసుకెళ్ళి, మర్నాటిదాకా పొదుపుగా వాడుకునేవాణ్ణి.

పిల్లలు నాకు పెట్టిన పేరు దంచుడు తమ్ముడు. కొంప ముంచింది ఆ పేరే.

ఒక సాయంత్రం హర్షిత నాన్న వచ్చారు. మా గుంటూరు వైపు మనిషే. "మా అమ్మాయి రోజూ చెబుతోందండీ, దంచుడు తమ్ముడు, దంచుడు తమ్ముడు అని. ఎవరండీ ఆ పిల్లాడు? వాళ్ళ అమ్మానాన్నలతో ఒకసారి మాట్లాడాలి" అన్నారు.

నేను చెయ్యెత్తాను. "మా అమ్మానాన్నలు పోయి చాలా కాలమైందండీ."

నవ్వుతారనుకున్నాను. ఆయన నా తలవంక, పొట్టవంక చూసి, కూతురి మణికట్టు వంక చూశారు. "ఏంటండీ ఇది మాస్టరుగారూ? ఇంత మనిషికీ, పదేళ్ళ పిల్లకీ..." అని ఆపేశారు. ఆయన అనకుండా వదిలేసింది కూడా నాకు అందింది. ఆ షెడ్డు పోతే నాకు వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

మాస్టర్‌కి కోపం రాలేదు. "కూసోండి సార్. జర చూడున్రి, చూసినంక చెప్పున్రి" అని హర్షితకి సైగ చేశారు. ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నేను పడ్డాను. అంత జాగ్రత్తగా నన్నెప్పుడూ దించలేదు. చివరిదాకా గుప్పిట వదల్లేదు. రేకుల వంక చూస్తూ అలాగే పడుకున్నాను. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడకపోతే బాగుండుననిపించింది.

"మా పాప బాగా చేసిందండీ" అన్నారాయన. "ఈయన మంచివారే అయ్యుండొచ్చు. కానీ పొరపాటున ఈయన దాని మీద పడితే? నేను తండ్రినండీ. పిల్లల్ని వేరేగా పెట్టండి." పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చి వెనక కూర్చున్న తల్లులు కూడా తలూపారు.

ఆ మాటలో తప్పు పట్టుకోవాలని చాలా ప్రయత్నించాను. దొరకలేదు. నాకూ కూతురుంటే అదే అడిగేవాణ్ణేమో. లేదు కాబట్టే అక్కడ ఉన్నాను.

"సరే సార్. మీ బిడ్డ, మీ మాట" అన్నారు మాస్టర్. సాయంత్రం పిల్లలకి, పొద్దున పెద్దలకి అని తేలింది. పెద్దలంటే నేనే. మెట్లమీద ఆవిడతో, "ఇక మానేస్తానండీ. ఒక్కడితో బ్యాచ్ ఏంటి?" అన్నాను.

"ఒక్కనివి ఎట్లైతవ్? పడెటోడొకడు, దించెటోడొకడు. ఇద్దరం లేమా? పొద్దుగాల రా."

వెళ్ళాను. ఆ వయసులో ఆవిడ నా కోసం పడ్డారు, నన్ను దించారు. పిల్లలు లేని షెడ్డు చాలా పెద్దదిగా ఉండేది. మ్యాట్లు తుడుస్తూ నేను పులి కథలు చెబితే ఆవిడ నమ్మేవారూ కాదు, కొట్టిపారేసేవారూ కాదు. అంతా విని, "గప్పుడు నీ పక్కపొంటి ఎవ్వరున్నరు?" అని అడిగేవారు. నేను అల్లిన ఒక్క కథలోనూ నా పక్కన ఎవరూ లేరు. ఎందుకు పెట్టుకోలేదో నాకే తెలియదు. "ఎవరూ లేరు మాస్టర్" అంటే, "మస్తు కష్టమైంది పో నీకు" అనేవారు. పులి గురించి కాదని తెలిసేది.

హర్షిత నాన్న అన్నది తప్పా, అందర్నీ కలిపిన మీ రూలు తప్పా అని ఒకరోజు అడిగేశాను.

"ఆ సారుది కరెక్టే. బరువు చూసుకోవాలె, కండ్లు తెరిచి పెట్టుకోవాలె" అన్నారు. "గని మొత్తం వేరు చేస్తే పిల్లలకు బరువు తెల్వది, పెద్దోళ్ళకు పడుడు తెల్వది. నువ్వు పడుడు నేర్సుకున్నది నా దగ్గర గాదు, గా పిల్ల దగ్గర."

కొన్నేళ్ళకి ఆవిడ గుండె ఆగిపోయింది. బల్కంపేటలో ఆవిడ తమ్ముడి ఇంటి ముందు పాత శిష్యులందరం చేరాం. పిల్లలు నాకంటే ఎత్తు పెరిగారు. ఇంజనీరింగ్ చదువుతున్న హర్షిత పాడె పట్టబోతే, ఆడపిల్ల ఏంటని ఎవరో అన్నారు. "పట్టనివ్వండి" అని వెనకనుంచి వినపడింది. వాళ్ళ నాన్న. ముందు వైపు ఒక పక్క ఆమె, ఒక పక్క నేను.

శ్మశానం ఇంకా కొంత దూరముందనగా దింపుడు కళ్ళం దగ్గర ఆగాం. అక్కడ దించి, పోయినవాళ్ళని చెవిలో వరస పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా మిగిలుంటే పలుకుతారని ఆశ. "దించున్రి" అన్నాడు ఆవిడ తమ్ముడు. హర్షితా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఇద్దరం ఒకేసారి మోకాళ్ళు వంచాం. పాడె నేలకి ఆనిన చప్పుడు నాకు వినపడలేదు.

ఆయన వంగి "అక్కా" అని మూడుసార్లు పిలిచాడు. ఆవిడ పలికారని నేను మీకు చెప్పగలను. నా కథల్లో ఇంతకన్నా పెద్దవే జరిగాయి. ఈ ఒక్కటీ చెప్పను. పలకలేదు.

షెడ్డు ఇప్పుడు హాస్టలుకి వంటగది అయింది. హర్షిత వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. నేను మధురానగర్‌లో అదే గదిలో ఉన్నాను. మంచినీళ్ళ క్యాను గదిలోకి మోసుకొచ్చి దించేటప్పుడు మోకాళ్ళు వంచుతాను, అంచు నేలకి పూర్తిగా ఆనేదాకా పట్టు వదలను. చప్పుడైతే ఉలిక్కిపడే మనిషి ఇంట్లో ఎవరూ లేరు. అయినా మధ్యలో చెయ్యి వదలడం నాకు రాకుండా పోయింది.