తొమ్మిది మెట్ల మాయా గుడి

నలభై ఎనిమిదేళ్ల కాపురంలో యోగానంద్ గారు ఒక్కసారైనా బొమ్మల కొలువు ముందు కూర్చోలేదు. టెక్సస్‌లో ఎన్నో వంతెనలు కట్టిన మనిషే గానీ, దసరా వస్తే లాప్‌టాప్ పట్టుకుని మేడెక్కేవారు. చాముండేశ్వరి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ముప్పై ఆరు మట్టిబొమ్మలకీ ఆయన పెట్టిన పేరు ఒక్కటే: నీ సామాను. ఆ మాట వింటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రిటైరయ్యాక ఆయన స్నేహితులతో మెక్సికో వెళ్లి మాయన్ల శిథిలాలు చూసొచ్చారు. ఇక ఇంట్లో మరో మాట లేదు. కాఫీలో పంచదార చాలిందా అని అడిగినా కమానుల గురించే జవాబు.

"వాళ్లు కమాను గుండ్రంగా తిప్పలేదు చాముండీ. ఒక్కో రాయినీ కింది రాయి కంటే కాస్త లోపలికి జరిపి పేర్చారు. అలా రెండు గోడలూ పైకెళ్లే కొద్దీ దగ్గరవుతాయి. రాయి లోపలికి తూలిపోకుండా వెనక బరువు తొక్కిపట్టాలి. అదీ కిటుకు!"

ఆరు నెలలు ఇలా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాక, "ఈసారి నీ కొలువు నేను కడతా. అక్కడ నేను చూసిన మాయన్ల గుడికి తొమ్మిది అంతస్తులు, నీకు తొమ్మిది మెట్లు" అన్నారు. ఇన్నాళ్లకి ఈయనకి కొలువు గుర్తొచ్చిందని ఆవిడ మురిసిపోయి సరేనంది. అక్కడే పప్పులో కాలేసింది.

హాల్లో పలకరాళ్లు దిగాయి. లోపలి అంచులు కమాను, బయటి అంచులు మెట్లు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఐదో వరసకి వచ్చేసరికి దభీమని కూలింది. మళ్లీ కట్టారు, మళ్లీ కూలింది. పాడ్యమి నాడు కలశం పియానో బెంచీ మీద కూర్చుంది. బొమ్మలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"వెనక ఇసుక బస్తాలు పెడితే గానీ నిలవదు" అన్నారాయన.

"హాల్లో ఇసుకా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు. బొమ్మలు పెట్టనివ్వండి."

"అది నిలిచేదాకా బొమ్మల జోలికి రాకు. కూలితే ఒక్కటీ మిగలదు."

శుక్రవారం ఐదింటికి పేరంటం. పక్కవీధి రష్మి ఫోన్ చేసి, "ఆంటీ, మీ మాయా కొలువు గురించి మా గ్రూప్‌లో ఫార్వర్డ్ చేసేశాను. మన కాపెల్ ఊళ్లో సగం మంది వస్తున్నారు!" అంది. చాముండేశ్వరికి ఏడుపొచ్చింది. అరవై మందికి శనగలు నానబోసింది, అమ్మవారికి మాత్రం మెట్టు లేదు. ఈయనగారు మూడింటికి నింపాదిగా కార్ తీసి ఇసుక కొనడానికి వెళ్లారు.

ఆయన వెళ్లిన మరుక్షణం ఆవిడ పెట్టెలు విప్పింది. ఒక పలకరాయి పెట్టడం, కదలకుండా అరచేత్తో నొక్కిపట్టి బయటి అంచు మీద రెండు బొమ్మలు నిలబెట్టడం, అటువైపూ అలాగే చెయ్యడం. ఆరు నెలలు విన్నది వృథా పోతుందా? ఇసుక బదులు బొమ్మలే వెనక బరువు. తొమ్మిదో వరస మీద అడ్డపలక వేసి కలశం పెట్టింది. కమాను నిక్షేపంలా నిలిచింది.

యోగానంద్ గారు నాలుగు బస్తాలతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. తర్వాత కొలువు ముందు కుర్చీ వేసుకున్నారు. పేరంటం అయిపోయినా లేవలేదు. విజయదశమి దాకా ఆ కుర్చీ అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ఆనవాయితీ ప్రకారం ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ముగించాలి. చాముండేశ్వరి చెయ్యి చాచగానే కుర్చీలోంచి కేక వినబడింది.

"ఆ చిలకల అమ్మాయిని ముట్టుకోకు! ఏడో వరసని మోస్తోంది."

ఆవిడ పక్కదాని వైపు జరిగింది.

"ఒంటిచెవి వినాయకుడా? వద్దొద్దు! వీణ పట్టుకున్నావిడ కూడా వద్దు. నామం చెరిగిన దాసరి అసలే వద్దు, మూడో వరసకి ఆయనే ప్రాణం."

విసుగుతో నోరు తెరవబోయి చాముండేశ్వరి ఆగిపోయింది. ఆ వినాయకుడి చెవి విరిగింది ఎనభైల్లో, ఇల్లు మారినప్పుడు. అప్పుడు ఆవిడ ఏడుస్తుంటే ఆయన తలెత్తి కూడా చూడలేదు. ఇప్పుడేమో ఒక్కో బొమ్మనీ ఆనవాలు పట్టి కాపలా కాస్తున్నారు.

"పడుకుంటే బరువు తగ్గుతుందిటండీ?" అంటూ చిలకల అమ్మాయిని ఉన్న మెట్టు మీదే మెల్లిగా పక్కకి వాల్చింది. ఏ రాయీ కదల్లేదు.

వంతెనల ఇంజనీరు నాలుక కరుచుకున్నారు. "వచ్చే ఏడు కూడా కడదామా?" అని అడిగారు.

"ముందు గుమ్మంలో ఆ ఇసుక బస్తాలు తియ్యండి" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.