కవచపు చేప కింది దవడ

ఆగస్టు 17, ఆదివారం. మర్రిగూడ దగ్గరి మా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన సారు మొన్న శుక్రవారం పోయారు. ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు షాద్‌నగర్‌లో నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, సారు పోయిండ్రు. పొద్దుగాల చాయ తాగి కూసున్నరంట, గట్లనే ఒరిగిన్రంట," అంది. ఆ బడికి నేను ఆరేళ్లు ప్రధానోపాధ్యాయురాలిని. సారు వస్తువు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అందుకే పాత విద్యార్థులందరికీ ఇది రాస్తున్నాను.

ఆ వస్తువు ఒక చేప కింది దవడ. మట్టిది.

కోట్ల ఏళ్ల కిందట సముద్రాల్లో తల చుట్టూ ఎముక పలకలు కవచంలా ఉన్న చేపలు తిరిగేవి. వాటిలో పెద్దదాని శిలాజం బొమ్మ సారుకు ఏదో పత్రికలో దొరికింది. అది పట్టుకుని కుమ్మరి ఇంటి ముందు రెండు వారాలు కూర్చున్నారు. తలను, కింది దవడను విడివిడిగా చేసి, కుండలతో పాటే కాల్పించారు.

ఆయన జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. క్లాసులో పిల్లలకు తలా ఒక గింజ ఇచ్చి, "చెవి ముందట వేలు పెట్టి నములుండ్రి. కదులుతాందా? గదే దవడ కీలు," అనేవారు. "దవడ మీదికెల్లి ఊడిపడలె. మొప్పలను నిలబెట్టే ఎముకలల్ల ముందటిది వంగి దవడ అయిందంటరు. చేప ఉన్నదాంతోనే పని నడుపుకుంది."

మా పిల్లల్లో చాలామందికి ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లకు గార. ఇంటింటికీ నల్లా వచ్చేనాటికే ఆ మచ్చలు పడిపోయాయి. ఆడపిల్లలు నవ్వు వస్తే చున్నీ అడ్డం పెట్టుకునేవారు. సారు చేపను వాళ్ల ముందుకు జరిపి, "దీనికి మన లెక్క పండ్లే లేవు. ఎముక అంచుతోనే కొరికింది. మీకు పండ్లున్నయి కదా, జర నోరు తెరిచి నవ్వుండ్రి," అనేవారు.

ఆ నవ్వులు వినబడి, పక్క గదిలోంచి లేచి వెళ్లి, పిల్లలను నోరు మూసుకోమన్నది నేను. ఒక్కసారి కాదు.

చేపకు బిల్లు లేదు కాబట్టి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించలేదు. తనిఖీ రోజున రిజిస్టర్‌లో లేనిదేదీ గదిలో ఉండకూడదు. దాన్ని వరండాలో పెట్టించాను.

"మేడం, గీ ఒక్కపూట నా టేబుల్ కింద ఉండనియ్యుండ్రి," అన్నారు సారు.

"బిల్లు తెండ్రి, టేబుల్ మీదనే పెట్టుకోండ్రి," అన్నాను.

మధ్యాహ్న భోజనం మెతుకుల కోసం వరండా ఎక్కిన మేక దాన్ని తోసేసింది. తల నిలిచింది. దవడ రెండు ముక్కలైంది. తనిఖీకి వచ్చినాయన ఆ గది వైపే పోలేదు.

ముక్కలు నేనే ఏరాను. అతికించి ఇద్దామని బీరువాలో పెట్టాను. మర్నాడు స్టాఫ్ రూంలో అందరి ముందూ సారు అడిగారు: "మేడం, దవడ ముక్కలు గిట్ల ఏమన్న చూసిన్రా?"

"రిజిస్టర్ల లేనిదాని గురించి నన్ను అడగకుండ్రి."

నాదే తప్పని అందరి ముందూ ఒప్పుకోవాల్సి వస్తుందని అలా అన్నాను. ఆయన నవ్వారు. "పోనీ మేడం. ఇంక జర ఎనుకటి చేప అయింది. దవడలు రాకముందటిది."

అప్పటి నుంచి మట్టి తల కింద తన ముంజేయి పెట్టి, దాన్నే దవడలా ఆడిస్తూ పాఠం చెప్పారు. ఒకరోజు కిటికీలోంచి చూశాను. పిల్లలు నోళ్లు తెరిచి నవ్వుతున్నారు. లోపలికి వెళ్లలేదు. దవడ కూడా ఇవ్వలేదు. రిటైరయ్యాక పాత పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. సారు ఇల్లు మా ఇంటికి బస్సులో గంట దూరం. ఆయన మళ్లీ అడగలేదు, నేను బస్సెక్కలేదు.

ఇక జరగవలసినవి:

1. తల ఇప్పటికీ ల్యాబ్ బీరువా మీదే ఉందట. నేను వచ్చేదాకా ఎవరూ కదపవద్దు.

2. దవడ ముక్కలు నిన్న అతికించాను. అతుకు కనబడుతోంది. రంగు వేయవద్దు.

3. రెండింటినీ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. బిల్లు గడిలో "సారు చేశారు" అని రాయాలి. ఇప్పటి హెడ్మాస్టరు ఒప్పుకున్నారు.

4. దవడను తలకు బిగించకూడదు. పాఠం చెప్పేటప్పుడు ఒకరు చేత్తో పట్టుకుని ఆడించాలి. మొదటి రోజు నేను పట్టుకుంటాను. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.