తులసి రీల్‌లో దొరికిన తప్పు

ఈ రోజు శ్రీకాకుళంలో మా డిగ్రీ కాలేజీలో, ఫస్టియర్ ఎకనామిక్స్ క్లాసులో గిరాకీ, సరఫరా గురించి ఒక ప్రశ్న అడిగాను. పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రశ్నకి మౌనమే జవాబు. ఈ రోజు సగం క్లాసు చేతులెత్తింది. ఇన్నాళ్ళకి నా పాఠం ఎక్కిందని పొంగిపోయాను.

"తులసక్క రీల్ సూసినాం సార్!" అన్నారు.

తులసి మా ఫైనలియర్ అమ్మాయి. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని, సౌండు తగ్గించి ఆ రీల్ చూశాను. చేపల గంప పక్కన కూర్చుని, "సముద్రంలో ఏట సాగని రోజు వంజరం రేటు ఏటవుతాది, సూడండి" అంటూ నిమిషంలో తేల్చేసింది. నాకు దానికి మూడు క్లాసులు పడతాయి. కడుపు మండిపోయింది. తప్పు కోసం నాలుగుసార్లు వెతికాను. దొరికింది! తను గీసిన గ్రాఫులో గిరాకీ గీతకి సరఫరా అని, సరఫరా గీతకి గిరాకీ అని రాసింది.

హుషారుగా వెళ్ళి వరండాలో తనని ఆపి చూపించాను. తులసి బ్యాగులోంచి నా నోట్సు జిరాక్సు తీసింది.

"ఇందులో సూసే గీసినాను సార్. నాకూ అనుమానమొచ్చినాది. సారు తప్పు రాస్తారేటి అని అలాగే ఉంచేసినాను."

జిరాక్సు తీసుకుని చూశాను, గీతల పేర్లు తారుమారు చేసింది నేనే.

సాయంత్రానికల్లా రీల్ సరిచేసి మళ్ళీ పెట్టింది. కింద "తప్పు చూపించిన మా సారుకి థాంక్స్" అని రాసింది. దాంతో ఇంకా కుళ్ళుగా ఉంది. టీచర్లూ, మీకెప్పుడైనా మీ స్టూడెంటు మీద అసూయ కలిగిందా? నిజం చెప్పండి, నేనొక్కడినే అయితే మరీ సిగ్గుచేటు.