మునిగిన ఓడకు బావి తాడు

మా బావ పని బావుల్లో మునగడం. ఆదోనిలో ఎవరి బిందె బావిలో పడినా, ముక్కుపుడక జారినా, కొక్కేల పాతాళ గరిగె తాడుకు కట్టి వేసి వెతికి విసిగిపోయాక ఆయన్ను పిలిచేవాళ్లు. ఒక్కోసారి మనిషి కోసం కూడా పిలిచేవాళ్లు. ఆ రోజు నాకు ముద్ద దిగేది కాదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసుకునే నన్ను ఆయన ప్రతిసారీ కబురుపెట్టి రప్పించేవాడు. మునిగేవాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస పెళ్లాం తమ్ముడే పట్టాలని మాలో కట్టుబాటు. అక్క పసుపుకుంకాల విషయంలో ఏ తమ్ముడూ ఏమరుపాటుగా ఉండడని నమ్మకం. కిందివాడు ఒకసారి గుంజితే తాడు ఇంకొంచెం వదలాలి, రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆయనతో పాటు పైనున్నవాడూ ఊపిరి బిగబట్టాలి. ఆయన గుంజకపోయినా మన ఊపిరి అయిపోతే లాగేయాలి.

నేను పుట్టు పిరికివాణ్ణి. గట్టు మీద నిలబడి లోపలికి చూడకుండా తాడు వైపే చూసేవాణ్ణి. బావ నవ్వేవాడు. "బయం ఉండేవాడే తాడు బాగా పడతాడ్లేరా" అనేవాడు.

డెబ్బైల్లో ఒక కరువు ఏడాది బావులన్నీ అడుగంటాయి. కోసిగి వైపు జనం మూటలు కట్టుకుని వలసపోతుంటే, మునగడానికి నీళ్లు లేక మా బావ అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు పాత ఇత్తడి కొనే షావుకారు. బందరు అవతల సముద్రంలో నౌకాదళం వాళ్ల పాత ఓడ ఎప్పుడో తుఫానుకు మునిగిందట. దాన్లోని ఇత్తడి తీసే పని ఆయన బంధువుకు దొరికిందట.

"మూడు నిలువుల లోతేనంట. మన బావులు అంతకంటే లోతు కదప్పా. నీళ్లు యాడైనా నీళ్లే" అన్నాడు.

మేమూ అలాగే అనుకున్నాం. సముద్రం చూడనివాళ్లకు అదొక పెద్ద బావి, అంతే. అక్క మాత్రం బస్టాండులో నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను నమ్మి పంపిస్తాండాను" అంది.

ఒడ్డు నుంచి చూస్తే నీళ్ల మీద ఒక ఇనుప స్తంభం మాత్రం కనబడేది. పడవ దాని దగ్గరికి పోయాక కిందికి చూశాను. ఓడ నల్లగా, పొడుగ్గా, ఒక పక్కకు ఒరిగి ఉంది. నీళ్ల కింద తలుపులూ కిటికీలూ ఉన్న ఇల్లు ఎవరైనా చూశారా? బావిలో దెయ్యం ఉందంటే నమ్మను గానీ, ఆ గదుల్లోకి మా బావ దూరాలంటే మాత్రం పడవ వెనక్కి తిప్పించాలనిపించింది. "అందులో మనుషులు ఉండిపోయారా?" అని అడిగాను. పడవ నడిపే పెద్దాయన తెడ్డు పక్కన పెట్టి లంగరు వేశాడు.

బావ మునిగాడు. నేను ఊపిరి బిగబట్టాను. అంతలోనే తాడు రెండుసార్లు గుంజింది. ఉన్న బలమంతా పెట్టి లాగాను.

పైకొచ్చి బావ కసిరాడు. "నేను గుంజనేలేదు కదరా, యాల లాగినావు?"

రెండోసారీ అంతే అయింది. అప్పుడు నాకు తెలిసొచ్చింది. బావిలో నీళ్లు కదలవు, తాడు కదిలిందంటే అది బావ మాటే. ఇక్కడ అల వచ్చి పడవ లేచినప్పుడల్లా తాడు దానంతటదే గుంజుతుంది.

"బావా, ఏది నువ్వు గుంజేదో ఏది అల గుంజేదో నాకు తెలీడంల్యా. మనూరికి పోదాం పా."

"నీ ఊపిరుంది కదా, దాన్నే నమ్ముకో. బయపడి సగంలో లాగొద్దు. ఇంగొక్క తూరి" అని మునిగిపోయాడు.

భయపడేవాడి ఊపిరి ఎంతసేపని నిలుస్తుంది? నా ఛాతీ మండిపోయింది. తాడు గుంజుతోంది, మళ్లీ గుంజుతోంది. ఈసారీ ఊరికే లాగితే బావ తిడతాడు, పెద్దాయన నవ్వుతాడు. చేయకూడని పని చేశాను. ఊపిరి పీల్చాను. ఆ వెంటనే ఇంకోసారి పీల్చాను. ఇక నా దగ్గర కొలత లేదు. బావ మునిగి ఎంతసేపైందో తెలియదు.

"ఏంటి బాబూ, అలా సూత్తా కూకున్నావు? లాగు!" పెద్దాయన అరిచాడు.

లాగాను. రాలేదు. తాడు ఓడ ఇనుములో ఎక్కడో చిక్కుకుంది. చచ్చేంత భయం అంటారే, అది అదే. నాకు అక్క నుదుటి బొట్టు ఒక్కటే కళ్ల ముందు కనబడింది. పెద్దాయన నా చేతిలో తాడు లాక్కుని వదులు చేసి, పడవ అటు చివరికి పోయి అక్కణ్ణుంచి లాగాడు. తాడు ఊడి వచ్చింది. బావ ముఖం నల్లబడిపోయింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం చీరుకుపోయింది. నీళ్లన్నీ కక్కాక ఆయన అన్న మొదటి మాట, "రెండు తూర్లు గుంజినా కదరా."

"అల అనుకుంటి బావా" అన్నాను. అది నిజమే. ఊపిరి సంగతి చెప్పలేదు.

ఇంటికొచ్చాక అక్క గాయం మీద పసుపు అద్దుతూ, "తాడు నువ్వే పట్టినావా?" అంది. తలూపాను. "అందుకే బతికొచ్చినాడు" అని మొదటి జొన్నరొట్టె నా కంచంలో వేసింది. తినలేకపోయాను.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఆదోనిలో ఒకరి పెరటి బావిలో రాగి బిందె పడిందని కబురొచ్చింది. అక్క కూడా వచ్చింది. బావ నడుముకు తాడు కట్టుకుని రెండో కొస నాకందించాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అక్కా, ఆ పొద్దు నేను నడమ ఊపిరి పీల్చినా. నా చేతికి తాడు ఇయ్యద్దు."

బావ నీళ్ల వైపు తిరిగాడు. అక్క ఆయన చేతిలో తాడు అందుకుని నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది.

"పీల్చుకో. తాడు మాత్రం ఇడవద్దు" అంది.

బావ మునిగాడు. నేను రొప్పుతూనే ఉన్నాను, దాచుకోలేదు. పక్కకు చూస్తే అక్క కళ్లు మూసుకుని, పెదాలు బిగించి, గట్టు పట్టుకుని నిలబడి ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. నీళ్లలో చప్పుడు లేదు. తాడు కదల్లేదు. నేను అక్క ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

అక్క నోరు తెరిచి ఊపిరి తీసుకుంది. నేను లాగాను.