వాన ఆగాక పెరిగిన నీళ్లు

కొన్నేళ్ల కిందట తుపాను నాడు, సముద్రం పక్క పల్లెలో కాపురముంటున్న మా చెల్లె, తీరానికి ఎంతో దూరాన దేవరకొండలో ఉన్న మా ఇంటికి ఫోన్ చేసింది.

"వాకిట్లకు నీళ్లొచ్చినయ్ బాపూ."

"వాన ఆగింది గద బిడ్డా, అవే పోతయి. ఇంట్లనే ఉండు," అన్నాడు బాపు. మా గుట్టల నేలలో నీరు నిలవదు మరి.

"ఆగినంకనే పెరుగుతున్నయ్. కాలువ ఎనుకకు పారుతాంది. నీళ్లు ఉప్పగున్నయ్."

నేను ఫోన్ గుంజుకుని, "అది సముద్రం. బడి మిద్దె ఎక్కుండ్రి," అన్నాను. ఫోన్ తెగింది.

మర్నాడు చెల్లె బతికే ఉందని తెలిసింది. ఇల్లు లేదు.

"గంగమ్మకు కోపమొచ్చింది," అన్నాడు బాపు. సముద్రానికి కోపం ఉండదు, గాలి తోసిన నీటిని ఆపడానికి అక్కడ ఎత్తైన నేల లేదంతే అన్నాను.

ఇప్పటికీ వాన వెలిస్తే బాపు వాకిటి నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. మూఢనమ్మకాలను ఎండగట్టే నేను, ఆయన "సప్పగనే ఉన్నయ్" అనేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాను.